ఎన్నికలు కూడా టీవీ కుస్తీలేనా? రెండు బరుల పక్కనా మైకు పట్టుకున్నవాడి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలు చూస్తూ కూర్చున్న కొడుకును "అదంతా ముందే రాసిపెట్టుకున్న నాటకంరా, లేచి చదువుకో" అని మందలించారు. వాడు "మీరు రోజూ రాత్రి చూసే రాజకీయ చర్చలు మాత్రం ఏమిటి నాన్నా?" అన్నాడు. మీకు వెంటనే జవాబు తోచలేదు. ఈ రెండింటికీ నిజంగా పోలిక ఉందా, మాటవరసకు అనుకునేదేనా అని అడిగారు.

మీ వాడు సగం సరిగ్గానే అన్నాడు. పోలిక ఉంది, చాలానే ఉంది. అయితే అసలు కీలు ఉన్నచోట రెండూ తలకిందులు. టీవీ కుస్తీలో ఫలితం ముందే రాసి ఉంటుంది, దెబ్బ మాత్రం నిజం. ఎన్నికల్లో ఫలితం నిజం, కోపం మాత్రం చాలావరకు రాసిపెట్టుకున్నది. ఈ తేడా తెలియనివాళ్లే రెండుచోట్లా నష్టపోతారు.

నేనెవరినో చెప్పాలి కదా. మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, బజారులో ఉర్దూ కలిసిన హిందీ. ఇరవై ఆరేళ్లుగా జాతర కుస్తీలకు వ్యాఖ్యానం చెబుతున్నాను. ఇటు బిలోలీ, ముఖేడ్, అటు తెలంగాణ వైపు మద్నూర్, జుక్కల్, బిచ్కుంద. మూడు భాషల్లో గొంతు ఆడుతుంది కాబట్టి ఎన్నికలొస్తే అదే మైకు జీపు ఎక్కుతుంది. పంచాయతీ నుంచి లోక్‌సభ దాకా, దాదాపు అన్ని పార్టీలకూ పనిచేశాను. గొప్పగా చెప్పడం లేదు, కూలి అలాంటిది. నాలుగుసార్లు ఓట్ల లెక్కింపులో ఏజెంటుగా కూడా కూర్చున్నాను.

ముందు మన మాటలే చూడండి. అభ్యర్థి బరిలోకి దిగుతాడు, తొడగొడతాడు, ఎత్తుకు పైఎత్తు వేస్తాడు, ప్రత్యర్థిని చిత్తు చేస్తాడు. ఓడినవాడు మట్టి కరుస్తాడు. పత్రికల్లో ఎన్నికల పేజీ చదివితే కుస్తీలు నేర్పే తాలీంఖానా వాసన వస్తుంది. మరాఠీలోనూ అంతే. 2019 అక్టోబర్ మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో అప్పటి బీజేపీ ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడణవీస్, తమ పహిల్వాన్లు ఒంటికి నూనె రాసుకుని సిద్ధంగా ఉన్నారనీ, ఎదుట నిలిచేవాడే కనిపించడం లేదనీ సభల్లో చెప్పుకుంటూ వచ్చారు. రాష్ట్ర కుస్తీ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్న, ప్రత్యర్థి పార్టీ ఎన్‌సీపీ అధినేత శరద్ పవార్ దానికి జవాబిస్తూ, కుస్తీ పహిల్వాన్లతోనే పడతారన్న అర్థం వచ్చేలా అని, చేత్తో ఒక సైగ చేసి వదిలేశారు. మా బజారులో వారం రోజులు ఆ సైగ గురించే మాట్లాడుకున్నారు. ఫలితాలొచ్చి నెల తిరిగేసరికి, నవంబర్ 23న పొద్దున్నే, ఫడణవీస్ ముఖ్యమంత్రిగా, శరద్ పవార్ అన్న కొడుకు అజిత్ పవార్ ఉప ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మూడు రోజులకే ఆ జోడీ విడిపోయింది. 2023 జూలైలో ఇద్దరూ మళ్లీ ఒకే ప్రభుత్వంలో కూర్చున్నారు. టీవీ కుస్తీలకు కథ రాసేవాడు ఇలా రాసుకెళ్తే యజమాని "ఇది ఎవరు నమ్ముతారు?" అని కాగితం విసిరికొడతాడు.

జాతర కుస్తీ చూడనివారి కోసం నాలుగు మాటలు. ఎర్రమట్టిని జల్లించి, నూనె, పసుపు, మజ్జిగ, నిమ్మరసం కలిపి బరి సిద్ధం చేస్తారు. మధ్యాహ్నం మూడింటికి డప్పు మోగుతుంది. పిల్లల కుస్తీలు కొబ్బరికాయకు మొదలవుతాయి. తరువాత యాభై, వంద, ఐదు వందలు, అలా పెరుగుతూ పోయి పొద్దుగూకే వేళకు చివరి కుస్తీ వెండి కడియానికి. పాయింట్లు, రౌండ్లు ఉండవు. వీపు నేలకు ఆనితే చిత్తు, అంతే.

బరిలో పట్టు కన్నా ముందు జరిగే పని ఒకటి ఉంది. ఉస్తాద్ తన కుర్రవాడి చేయి పట్టుకుని బరి చుట్టూ తిప్పుతాడు. "వీడికి జోడీ ఎవరు?" అని నేను మైకులో అడుగుతాను. అవతలి నుంచి ఒకడు వచ్చి చేయి కలిపితే జోడీ కుదిరినట్టు. పెద్దలు ఇద్దరి మెడలూ భుజాలూ చూసి సరే అనాలి. నా అనుభవంలో జనాన్ని లాగేది పహిల్వాన్ కాదు, జోడీ. ఎంత గొప్పవాడైనా ఎదుట సరైనవాడు లేకపోతే జనం లేచి మిఠాయి కొట్ల వైపు వెళ్లిపోతారు. పార్టీ టికెట్లు ఆఖరి రోజు దాకా ఎందుకు నలుగుతాయో ఇక్కడే తెలుస్తుంది. తమవాడు మంచివాడా కాదా అన్నది రెండో మాట, అవతలివాడి ఎదుట నిలబెడితే జోడీగా కనిపిస్తాడా అన్నది మొదటి మాట. అమెరికా కుస్తీల్లో ఈ జోడీలు కట్టే మనిషిని బుకర్ అంటారు. మన పార్టీల్లో ఆ పని చేసేవారికి ఏ హోదా ఉండదు, ఇల్లు మాత్రం అందరికీ తెలుసు.

ఇప్పుడు నేనే తలదించుకోవలసిన ఒక సంగతి. ఒక జాతరలో కడియానికి ముందు ఐదు వేల రూపాయల కుస్తీ. నాకిచ్చిన చీటీలో ఒకడిది లాతూర్ తాలీం, ఇంకొకడిది నిజామాబాద్ తాలీం అని రాసి ఉంది. అలాగే చదివాను. రాష్ట్రం మీద రాష్ట్రం అనేసరికి జనం ఊగిపోయారు. అదే రోజు పొద్దున బస్టాండు పక్క హోటల్లో ఆ ఇద్దరూ ఒకే పళ్లెంలో ఉప్మా తింటుండగా నేను చూశాను. చూసి కూడా చదివాను. బరిలో దగ్గరగా నిలబడ్డాను కాబట్టి మిగతాది కూడా కనిపించింది. పట్టు పట్టే ముందు ఒకడి బొటనవేలు రెండోవాడి మోచేతి కింద రెండుసార్లు తట్టేది. తట్టగానే వాడు ఆ వైపు కాలి మీది బరువు తీసేసేవాడు. చూడటానికి అద్భుతమైన ధోబీపాట్, అంటే భుజం మీదుగా ఎత్తి పడేసే పట్టు! లేచేసరికి ఒంటి మీద మట్టి తప్ప గీత కూడా లేదు. ఇరవై నిమిషాల తరువాత బరాబర్ అని ప్రకటించి సొమ్ము చెరిసగం చేశారు.

ముందు వరుసలో ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పటి పహిల్వాన్ అని ముద్దకట్టిన చెవులు చూస్తేనే తెలుస్తుంది. ఆయన లేచి, పంచె ఎగ్గట్టి, బరిలోకి వచ్చి, తాను విసిరిన పది రూపాయల నోటు మట్టిలోంచి ఏరుకుని, దులిపి, జేబులో పెట్టుకుని వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. కడియం కుస్తీ మొదలయ్యాక అదే నోటు మళ్లీ విసిరాడు.

దీన్ని మనం లాలూచీ కుస్తీ అంటాం, హిందీవాళ్లు నూరా కుస్తీ అంటారు. చాలామంది టీవీ కుస్తీని కూడా ఈ గాటనే కడతారు. అది పొరపాటు. లాలూచీ కుస్తీలో చూసేవాడికి తెలియదు, అందుకే అది మోసం. టీవీ కుస్తీలో చూసేవాడికి తెలుసు, తెలిసే టికెట్టు కొంటాడు.

ఆ తెలియడం వెనుక ఒక కథ ఉంది. అసలు కుస్తీ చూడటానికి చాలాసార్లు విసుగు పుట్టిస్తుంది, నా కూలి దాని మీదే కాబట్టి ఈ మాట నేను అనకూడదు. 1908లో చికాగోలో ఫ్రాంక్ గాచ్, హకెన్‌ష్మిట్‌ల కుస్తీ రెండు గంటలు సాగింది. 1910లో లండన్‌లో మన గామా పహిల్వాన్ ఎదుట జిబిస్కో బోర్లా పడుకుని రెండున్నర గంటలు లేవలేదు. వారం తరువాత మళ్లీ పడదామన్నారు, అతను రానేలేదు. ఆ ఇద్దరే 1928లో పటియాలాలో తలపడితే గామా నిమిషంలోపే ముగించాడు. రెండున్నర గంటల కుస్తీకీ నిమిషం కుస్తీకీ టికెట్టు అమ్మడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే 1920ల నాటికి అమెరికా నిర్వాహకులు ఎంతసేపు పట్టాలో, ఎవరు పడాలో ముందే నిర్ణయించడం మొదలుపెట్టారు. శాసనసభలో పద్దుల మీద చర్చ ఎవరూ చూడరు, సాయంత్రం టీవీలో అరుపులు అందరూ చూస్తారు. కారణం ఇదే.

నిర్ణయించడం మొదలయ్యాక దాన్ని దాచడం కూడా మొదలైంది. బయట కూడా పగవాళ్లు పగవాళ్లలాగే తిరగాలి, ఒకే బల్ల దగ్గర తినకూడదు. ఈ కట్టుబాటుకు వాళ్ల పేరు కేఫేబ్. 1987లో న్యూజెర్సీలో పోలీసులు ఒక కారు ఆపితే అందులో ఐరన్ షేక్, జిమ్ డగన్ కలిసి ఉన్నారు. ఒకరు ఇరాన్ జెండా పట్టుకుని అమెరికాను తిట్టే పాత్ర, ఇంకొకరు అమెరికా జెండా పట్టుకుని అతన్ని కొట్టే పాత్ర. కారులో మాదకద్రవ్యాలు దొరికాయి. అయినా అభిమానుల గుండె పగిలింది వాటికి కాదు, ఇద్దరూ ఒకే కారులో ఉన్నందుకు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. రెండేళ్లకే, 1989లో, వాళ్లు పనిచేసిన సంస్థే, అదే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ, న్యూజెర్సీ సెనేట్ ఎదుట "మాది పోటీ కాదు, వినోదం" అని ఒప్పుకుంది. నీతి కోసం కాదు లెండి. పోటీ అయితే క్రీడా కమిషన్ నియంత్రణ, పన్ను తప్పవు, వినోదమైతే తప్పుతాయి.

మన దగ్గర ఆ ఒప్పుకోలు ఇంకా జరగలేదు. "గల్లీలో కుస్తీ, ఢిల్లీలో దోస్తీ" అని ప్రతి పార్టీ ఇంకో రెండు పార్టీల గురించి అంటుంది. అన్నీ అంటాయి కాబట్టి ఎవరి గురించి చెప్పినా కొంత నిజమే.

నేను దగ్గరగా చూసినది చెబుతాను. ఒక స్థానిక ఎన్నికలో నేను ప్రచారం చేస్తున్న అభ్యర్థి రాత్రి పదకొండింటికి నాకు ఫోను చేశాడు. "రేపు సంతలో సభ ఉంది కదా, వాళ్ల నాన్న అప్పుల సంగతి ఎత్తుతాను. వాడితో ఒక మాట చెప్పు, మనసులో పెట్టుకోవద్దని." వాడు అంటే ప్రత్యర్థి. అవతలి అభ్యర్థి నాకు చిన్ననాటి నుంచి తెలుసు, అందుకే నాకు పని. చెప్పాను. అతను నవ్వి, "సరే, నాన్నను అంటే అను గానీ చెల్లెలి పెళ్లి సంగతి వద్దను. నేను ఎల్లుండి వాడి ఇసుక ట్రాక్టర్ల గురించి అంటాను" అన్నాడు. అంటే ఏ దెబ్బ ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే మాట్లాడుకున్నారు. డబ్ల్యూడబ్ల్యూఈలో ఈ కబుర్లు మోసేది రిఫరీ. అతని చెవిలో చిన్న యంత్రం ఉంటుంది, లోపలివాళ్లు చెప్పింది అతను వంగి పహిల్వాన్ల చెవిలో వేస్తాడు. ఆ రాత్రి ఆ రిఫరీని నేను.

సంతలో సభ బ్రహ్మాండంగా జరిగింది. అప్పుల మాట వినగానే అవతలివర్గం కుర్రవాడొకడు, పందొమ్మిదేళ్లుంటాయి, వేదిక మీదికి చెప్పు విసిరాడు. ఇవతలి కుర్రవాడొకడు వాణ్ణి ఇటుకతో కొట్టాడు. రెండు ముందు పళ్లు ఊడిపోయాయి, పెదవి చీలింది. నేను మైకులో "శాంతించండి, శాంతించండి" అని మూడు భాషల్లో అంటూనే ఉన్నాను. "ఇదంతా ముందే అనుకున్నదే, వాళ్లిద్దరికీ ఏ కోపమూ లేదు" అన్న ఒక్క వాక్యం ఏ భాషలోనూ అనలేదు. కేసయింది. ఇద్దరు కుర్రవాళ్లూ ఆరేళ్లు కోర్టు వాయిదాలకు తిరిగారు, ఒకే బస్సులో. కొట్టినవాడికి పోలీసు భర్తీలో అవకాశం పోయింది. అభ్యర్థులిద్దరూ ఆ ఏడాదే ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు వచ్చి పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఆ పెళ్లికి నేనూ వెళ్లాను.

కుస్తీ సంస్థలను చూసి ఈ ఒక్క విషయం నేర్చుకోవాలని అంటాను. బరిలో ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా, గుణకారం గుర్తులా పెడతాడు. అంటే "ఇది ఆట కాదు, వైద్యుణ్ణి పంపండి" అని. మన సభల్లో ఆ గుర్తు లేదు. ఎక్కడ నటన ఆగి నిజం మొదలైందో చెప్పేవాడు ఉండడు. కార్యకర్తకు అసలు చెప్పరు. అతని కోపం నిజం కావడం మీదే మొత్తం ఆట నడుస్తుంది.

టీవీ కుస్తీలో దెబ్బ నిజమని అన్నాను కదా. మీ వాడికి తెలిసే ఉంటుంది, 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ పదహారు అడుగుల పంజరం మీది నుంచి మ్యాన్‌కైండ్‌ను కిందికి తోశాడు. తోయాలని ముందే అనుకున్నారు. అనుకున్నంత మాత్రాన నేల మెత్తబడదు. మరుసటి ఏడాది ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడు మీద దిగుతూ జారిపడి చనిపోయాడు. నాటకం అని తీసిపారేసేవాళ్లు ఈ రెండూ చూడాలి.

ఇక వీరుడు, విలన్ సంగతి. కుస్తీలో మంచివాడి పాత్ర, చెడ్డవాడి పాత్ర ఉంటాయి. జనం వాటిని బట్టే ఈల వేయాలో బూతు తిట్టాలో తేల్చుకుంటారు. సరిహద్దులో పుట్టినవాళ్లకు ఇందులో ఒక వింత బాగా అర్థమవుతుంది. ఒకే మనిషి ఒకే సమయంలో రెండూ కావచ్చు. 1997లో బ్రెట్ హార్ట్ అమెరికాలో బరిలోకి వస్తే తిట్లు, సరిహద్దు దాటి సొంత దేశం కెనడాలో దిగితే హారతులు. అదే మనిషి, అవే మాటలు.

మా జిల్లా ధర్మాబాద్ తాలూకాలో గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ ఉంది. 2010 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు తన ఎమ్మెల్యేలతో బాబ్లీ చూడటానికి బయలుదేరితే మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేసి ధర్మాబాద్ ఐటీఐలో ఉంచారు. నాలుగు రోజులు ఆ చిన్న ఊరు కెమెరాలతో నిండిపోయింది. గోదావరి దిగువన తెలుగు ఛానళ్లు చూసేవారికి అది నీళ్ల కోసం పోరాటం. ఎగువన, బ్యారేజీ నీళ్లు తమ పొలానికి వస్తాయని ఎదురుచూస్తున్న రైతుకు అది తన నోటి ముందు ముద్ద లాగడం. ఆ ఎగువ రైతు ఇంట్లో మాట్లాడేది కూడా చాలాచోట్ల తెలుగే! మా మేనత్తది ఆ ఎగువ ఊరే. టీవీ చూస్తూ తెలుగులోనే తిట్టింది.

ఇక్కడే తేడా కూడా చూడండి. అదే నెలాఖరున తెలంగాణలో 12 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. నాలుగు రోజుల ప్రత్యక్ష ప్రసారం తరువాత ఆ పార్టీకి వచ్చిన స్థానాలు సున్నా. పదకొండు టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి. కుస్తీ సంస్థలో అయితే అంత ఖర్చుపెట్టి కట్టిన కథకు అలాంటి ముగింపు ఎవరూ రాయరు. అసలు నీళ్ల తగువు తేలింది ఏ బరిలోనూ కాదు, సుప్రీంకోర్టులో. 2013 ఫిబ్రవరి తీర్పు ప్రకారం ఏటా జూలై 1న గేట్లు ఎత్తాలి, అక్టోబర్ 28 దాకా దించకూడదు. ఇప్పుడు జూలై 1న రెండు రాష్ట్రాల ఇంజనీర్లు వచ్చి, సంతకాలు పెట్టి, గేట్లు ఎత్తి, చాయ్ తాగి వెళ్తారు. ఒక స్థానిక విలేకరి వస్తే ఎక్కువ.

పాత్ర మారడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పదేళ్లకు పైగా పిల్లల దేవుడిగా ఉన్న హల్క్ హోగన్ 1996 జూలైలో ఒక్క రాత్రిలో శత్రువర్గంలో చేరితే జనం బరి నిండా చెత్త విసిరారు. మా దెగ్లూర్‌లో 2021 ఉప ఎన్నికలో చేయి గుర్తు మీద గెలిచినవారు 2024లో కమలం గుర్తు మీద గెలిచారు. 2021లో కమలం గుర్తు మీద ఓడినవారు అంతకుముందు దాకా శివసేన. గోడ రాతలు రాసే మా మిత్రుడికి రెండుసార్లు కూలి, రెండుసార్లు సున్నం ఖర్చు. ఎవరూ చెత్త విసరలేదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది, 2003లో దాన్ని బిగించారు. అయినా రాజీనామా చేసి వెళ్లేవారిని ఏ చట్టమూ ఆపదు. ఓటరు మళ్లీ గెలిపిస్తే అది ఓటరు తీర్పు, నేను కాదనను.

ఇక నా మొదటి మాటలో రెండో సగం, ఫలితం నిజం అన్నది. దీనికి నా రుజువు లెక్కింపు హాలు. పద్నాలుగు బల్లలు, ఇనుప జాలీ అవతల మేము. బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి పోలింగ్ రోజు ఇచ్చే 17సీ కాగితం చేతిలో ఉంటుంది. యంత్రం చూపించే మొత్తం దాంతో సరిపోవాలి. ఒకసారి నా పక్కనే ఒక పెద్ద అభ్యర్థి వచ్చి నిలబడ్డాడు. ఇరవై రోజులు గర్జించిన మనిషి. ఎనిమిదో రౌండులో ఆధిక్యం మూడు వందలకు పడిపోయింది. ఆయన నా చేతిలోని పెన్ను తీసుకుని అంకెలు రాసుకోబోయాడు, రాయలేకపోయాడు, చేయి అంతగా వణికింది. "నువ్వే రాయి" అని పెన్ను తిరిగి ఇచ్చాడు. ఫలితం ముందే తెలిసినవాడి చేయి అలా వణకదు. ఆ రోజు ఆయన నాలుగు వందల చిల్లరతో గెలిచాడు. జనం బయట ఎత్తుకుని ఊరేగిస్తుంటే మళ్లీ గర్జించాడు.

డబ్బు కుమ్మరిస్తే ఫలితాన్ని రాయించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. కుస్తీ లోకం నుంచే జవాబుంది. అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఈ యజమానులుగా అన్ని ఫలితాలూ తమ ఇంట్లోనే రాసుకున్న కుటుంబం నుంచి లిండా మెక్‌మాన్ 2010లో, 2012లో అమెరికా సెనేట్‌కు కనెక్టికట్ నుంచి పోటీ చేశారు. రెండుసార్లూ కలిపి ఖర్చు దాదాపు పది కోట్ల డాలర్లు, అందులో అధికభాగం సొంత సొమ్ము. రెండుసార్లూ ఓడిపోయారు. తరువాత ఆమెకు మంత్రి పదవి వచ్చింది, కానీ అది నియామకం, ఓటు కాదు. ఆమెను నియమించిన డొనాల్డ్ ట్రంప్ 2007లో ఆమె భర్త విన్స్ మెక్‌మాన్‌తో బరి పక్కన పందెం కాసి, గెలిచి, అతని తల గొరిగించిన మనిషి. ఆ కుస్తీ ముగింపు రాసిపెట్టిందే. 2020లో ఆయన ఓటమి మాత్రం ఎవరూ రాసిపెట్టింది కాదు. టీవీ కుస్తీల నుంచి వచ్చిన జెస్సీ వెంచురా మిన్నెసోటా గవర్నర్ కావడం, జపాన్‌లో మరో కుస్తీవీరుడు ఇనోకి ఎగువ సభకు వెళ్లడం వంటివి కూడా ఉన్నాయి. వాళ్లకు బరి నేర్పింది ఒకటే, జనం ఎప్పుడు ఊపిరి బిగబడతారో కనిపెట్టడం. అది పెద్ద విద్యే, గెలుపు పూచీ మాత్రం కాదు.

ఒక హెచ్చరిక. ఇదంతా చదివి "అయితే అన్నీ నాటకాలే, ఓటు దండగ" అని మీ అబ్బాయి అంటే ఒప్పుకోకండి. ఆ మాట నేను జీపు మీద తిరిగే ఊళ్లలో రోజూ వింటాను. అనేది ఎక్కువగా చదువుకున్న కుర్రవాళ్లే. పోలింగ్ రోజు బూత్ దగ్గర వాళ్లు కనిపించకపోతే అభ్యర్థులకు ఎంత తేలికో నాకు తెలుసు. లెక్క వేసుకోవలసిన ఓట్లు తగ్గుతాయి కదా. ముసలాయన పది రూపాయల నోటు తీసుకుని ఇంటికి వెళ్లిపోలేదు.

మీ వాడితో చేయదగిన పని ఒకటి చెబుతాను. మా పిల్లలు చిన్నప్పుడు రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఆడేవారు, ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన కుస్తీలు. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇస్తాడు. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అందులో ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. వచ్చే ఎన్నికల్లో మీ నియోజకవర్గం అభ్యర్థులవి తీసి, అట్టముక్కల మీద రాసి వాడితో ఆడండి. మా చిన్నవాడితో నేను ఆడాను. "కేసులు" అన్న గడిలో పెద్ద అంకె ఉన్నవాడు గెలిచినట్టా ఓడినట్టా అని మొదటి పది నిమిషాలూ ఇద్దరం వాదించుకున్నాం.

టీవీ కుస్తీ మాన్పించాలా అని చివర అడిగారు. అవసరం లేదు, పరుపు మీద తమ్ముణ్ణి ఎత్తి పడేయకుండా చూసుకోండి చాలు. వీలైతే మార్గశిరంలో మా జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరకు తీసుకురండి, కుస్తీల రోజు. మరీ ముందు వరుసలో కూర్చోకండి, మట్టి కళ్లలో పడుతుంది. రెండో వరుసలో, డప్పు ఉన్నవైపు కూర్చుంటే పట్టు పట్టేటప్పుడు వాళ్ల వేళ్లు కనిపిస్తాయి.